నవాబుగారు పక్క మారారు

మా సీమలో మేఘాలు మేకల్లాంటివి. వస్తాయి, ఆకాశమంతా తిరుగుతాయి, మనం దాచుకున్న నాలుగు ఆశలూ మేసి పక్క జిల్లాకు వెళ్ళిపోతాయి. అలాంటి చోట రెండెద్దుల్ని మేపగలిగినవాడు మోతుబరి. ఒక ఎద్దును మేపేవాడు రైతు. ఆ ఒంటెద్దు రైతుకు ఇంకో ఒంటెద్దు రైతు దొరక్కపోతే ఆయన రైతూ కాడు, అది ఎద్దూ కాదు. ఇద్దరూ కలిసి గడ్డికి దండగ.

అందుకని మా ఊళ్ళో ఒంటెద్దు వాళ్ళు జత కట్టేవాళ్ళు. నీ ఎద్దూ నా ఎద్దూ ఒకే కాడికి. ఇవాళ నీ చేను, రేపు నా చేను. పత్రాలు లేవు, సాక్షులు లేరు. పెళ్ళికైనా పూజారి కావాలి, దీనికి పూచికపుల్ల కూడా అక్కర్లేదు. "కాడి కింద కలిసిన జత కాడు దాకా విడిపోదు" అనేవాడు కుళ్ళాయప్ప. ఈ కథ ఆయనదే. ఆయన గొంతుదని కూడా అనవచ్చు, ఎక్కడికైనా ఆయన కంటే ముందు అదే చేరుకునేది కాబట్టి.

కుళ్ళాయప్పకు నలభై దాటాయి. వాళ్ళమ్మ గూగూడు కుళ్ళాయి స్వామికి మొక్కుకుంటే పుట్టాడట. "పీర్ల సావిడి మొక్కుకు పుట్టినోణ్ణి, అందుకే నోరు అగ్నిగుండమంత" అనేవాడు. ఎవరైనా "నీకు కుళ్ళప్పా" అని నింద వేస్తే జవాబు సిద్ధం: "కుళ్ళు నా పేర్లోనే ఉండాది. పేర్లో ఉండేదాన్ని మల్ల కడుపులో ఏంటికి పెట్టుకుంటా?" మాటను మెలిపెట్టని పూట ఆయనకు సంగటి గొంతు దిగేది కాదు. ఖాసిం సాబ్ టీ అంగట్లో జనం ఆయన కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. కరువులో ఊరికే దొరికేది నవ్వొక్కటే కదా.

ఆయన జతగాడు ఇమాంసాబ్. దూదేకుల వాళ్ళ వీధిలో చివరిల్లు. ఈయనకు మాటలు ఎంత ఎక్కువో ఆయనకు అంత తక్కువ. కుళ్ళాయప్ప వంద మాటలకు ఇమాంసాబ్ ఒక "ఊ". "మా ఇమామూ ఊరి పేరడిగినా 'ఊ' దగ్గరే నిలబడతాడు, 'రు' నేను చెప్పాల" అని ఈయన వేళాకోళం. గంజి కేంద్రాల కరువుకు ముందు నుంచీ వాళ్ళిద్దరూ జత. ఎద్దులకు పేర్లు పెట్టింది కూడా కుళ్ళాయప్పే. ఇమాంసాబ్ ఎద్దు నవాబు, తన ఎద్దు దివాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కాడికి ఎడమ పక్కన కట్టే ఎద్దు దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్క నేర్పితే జీవితమంతా ఆ పక్కే. పక్క మారిస్తే చదువుకున్న ఎద్దు కూడా నిరక్షరాస్యుడైపోతుంది. నవాబు దాపట, దివాను వలపట. ఇద్దరు మనుషులకూ ఆ రెండెద్దుల మీదుగా ఎంత అలవాటైపోయిందంటే, టీ అంగడి బల్ల మీద కూడా ఎడమ వైపు ఇమాంసాబ్, కుడి వైపు కుళ్ళాయప్ప కూర్చునేవాళ్ళు.

సందెపొద్దున చేల నుంచి ఇంటికొచ్చేటప్పుడు ముందు కుళ్ళాయప్ప గొంతు, దాని వెనక కుళ్ళాయప్ప, ఆయన వెనక ఎద్దులు, చివరన ఇమాంసాబ్. ముందు నుంచి మాటలు, వెనక నుంచి "ఊ". ఊరి దీపాలు కనబడే దాకా అదే ఊరేగింపు.

చైనావాళ్ళు మన మీదికి వచ్చిన ఏడాది, ఆ గొడవకు కాస్త ముందే, దేశానికి సరిహద్దు బెంగ పట్టుకుంటే కుళ్ళాయప్పకు సరియెద్దు బెంగ పట్టుకుంది.

జ్యేష్ఠం. వాన జాడ లేదు. ఒక పొద్దున కుళ్ళాయప్ప కంచెకు ముళ్ళకంప కొట్టుకొద్దామని వంక అవతలికి పోయాడు. రంగన్న బీడు పక్కన కిత్తనార కంచె దాటబోతూ ఆగిపోయాడు.

బీట్లో కాడి కట్టి ఉంది. వెనక తుమ్మమొద్దు తగిలించి ఉంది. కోడెలకు పని నేర్పేటప్పుడు కట్టినట్టు. కాడికి ఎడమ వైపున రంగన్న వాళ్ళ దాపటెద్దు. కుడి వైపున నవాబు.

కుళ్ళాయప్ప కళ్ళు నులుముకున్నాడు. నవాబు. కుడి వైపున. దివాను చోట్లో.

రంగన్న యాడికి అనే ఊరి నుంచి మా ఊరికి ఇల్లరికం వచ్చిన అల్లుడు. వచ్చి రెండు మూడేళ్ళు. మెత్తటి మనిషి, మాట కూడా నేల నొస్తుందేమో అన్నట్టు పెడతాడు. వాళ్ళ మామకు సొంత జత ఉంది గానీ అందులో వలపటెద్దు ముసలిదైపోయింది, ఈ ఏడు అమ్మేస్తారని ఊరంతా అనుకుంటున్నారు. కుళ్ళాయప్ప బుర్రలో లెక్క చకచకా తెగింది. ముసలిదాన్ని అమ్ముతారు. ఆ చోట్లోకి నవాబు. అందుకే పక్క మార్చి నేర్పుతున్నారు. దాపటెద్దును వలపటకు మళ్ళించాక అది ఇక దివాను పక్కన పనికిరాదు. అంటే ఇది ఒక పూట అరువు కాదు. తెగదెంపులు.

అంత వరకూ ఓర్చుకునేవాడేమో. కానీ ఎద్దులు లాగుతున్న మొద్దు ఆగింది. ఇమాంసాబ్, రంగన్న గట్టు మీద కూర్చున్నారు. ఇమాంసాబ్ మాట్లాడుతున్నాడు.

"ఊ" కాదు. మాటలు. చేతులు ఆడిస్తూ, మధ్యలో ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ. రంగన్న తల వంచుకుని వింటున్నాడు, అంతే. ఏమీ అనడం లేదు. ఇమాంసాబ్ భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. రంగన్న ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

కిత్తనార ముల్లు కుళ్ళాయప్ప అరచేతిలో దిగింది. చేతిలోది లాగేశాడు. లోపల దిగింది ఎక్కడుందో తెలియలేదు.

ఇంటికొచ్చి ఉత్త కొడవలి పారేశాడు. భార్య ఓబమ్మ రాగులు చెరుగుతోంది.

"నవాబు పక్క మారినాడే!"

"ఏ నవాబు?"

"యా నవాబు ఏంది, మన నవాబు!"

"మనదెట్లయితాది? వాళ్ళది."

"ఆ రంగన్నగాని కాడికి కట్టినారు. ఎలపట కట్టినారు. ఇమామూ ఆ పిల్లనాయాలి ముందర కూసోని ఏడుస్తాండాడు."

ఓబమ్మ చేట ఆపింది. "ఏడుస్తాండాడా? నీకెట్ల తెలిసె?"

"చూస్తి."

"యాడ్నుంచి?"

"కంచె ఎనక నుంచి."

"దొంగమేక మాదిరి కంచె ఎనక నక్కి చూస్తివా? పోయి 'ఏమాయె ఇమామన్నా' అని అడగొచ్చు గదా?"

"నేనేంటికి అడగాల? నాకాడికొచ్చి వాడు చెప్పల్ల! ఇన్నేండ్ల జత!"

"ఇన్నేండ్లలో నీకాడ ఏం చెప్పుకున్నాడు?"

కుళ్ళాయప్ప వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఇమాంసాబ్‌కు ఏ కూర ఇష్టమో తెలుసు. ఏ పంటి నొప్పో తెలుసు. బీడీ ఎన్ని దమ్ములకు పారేస్తాడో తెలుసు. చెప్పుకున్నది అంటూ వెతికితే అన్నీ "ఊ"లే.

"చెప్పేదానికి నువ్వు సందిస్తే గదా" అని ఓబమ్మ చేట మళ్ళీ ఎగరేసింది.

ఆ రోజు నుంచీ కుళ్ళాయప్ప పేరులో ఉన్నది కడుపులోకి దిగింది. రంగన్న నవ్వితే మంట. నవ్వకపోతే, ఏం దాచుకున్నాడో అని మంట. సాయంత్రం పొద్దు ఇంకా గుంకక ముందే ఇమాంసాబ్ చేను వదిలి ఇంటి దారి పట్టడం చూశాడు. ఇదివరకు చీకటి పడే దాకా తనతో ఉండేవాడు. "ఇప్పుడు బిరీన పోతాండాడు. రంగన్న అరుగు మీద కచేరీ ఉంటాది గదా!" ఇమాంసాబ్ కాలి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. దెబ్బ ఎక్కడ తగిలిందో అడగాలనిపించింది. రంగన్న అడిగే ఉంటాడులే అనుకుని అడగలేదు.

టీ అంగట్లో ఇమాంసాబ్ ఎప్పటిలా బల్లకు ఎడమ వైపున కూర్చున్నాడు. కుళ్ళాయప్ప పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడి, అంగడంతా వినేలా అందుకున్నాడు.

"ఖాసిం సాబూ, టీలో రోంత చక్కెర ఎక్కువెయ్. శుభకార్యం! మన నవాబుగారు పక్క మార్చినారంట!"

జనం అప్పుడే సగం నవ్వు సిద్ధం చేసుకున్నారు. "ఏం కతప్పా?"

"కొత్త బేగం దొరికిందప్పా, యాడికి బేగం! బేగం వచ్చినాంక నవాబుకు వేగం వచ్చింది. పాత దివానుకేమో దివాలా వచ్చింది!"

అంగడి గొల్లుమంది. ఒక మూల రంగన్న కూడా ఉన్నాడు. నవ్వలేదు. కుళ్ళాయప్పకు అది ఇంకా మండింది. నవ్వకపోవడం కూడా వీడికి ఎంత బాగా వచ్చు!

ఇమాంసాబ్ సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టాడు. అందరితో పాటు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు మూతి దగ్గరే ఆగింది. లేచి, గుడ్డ కట్టిన వేలు నేలకు తగలకుండా మడమ మీద నడుస్తూ వెళ్ళిపోయాడు.

"కుళ్ళాయన్నా," అన్నాడు రంగన్న మెల్లగా, "ఆయప్పను ఒగసారి ఊరికే అడిగి చూడు. ఊరికే. నవ్వకుండా."

"నువ్వెవుడప్పా నాకు చెప్పేదానికి? నిన్న వచ్చినోడివి! వాడూ నేనూ ఒగే సాలు తొక్కేటప్పుడు నువ్వు యాడికిలో లాగు కట్టుకుంటాంటివి!"

అంగడి మళ్ళీ నవ్వింది. కుళ్ళాయప్ప గెలిచాడు. గెలిచి, బల్ల మీద తన కుడి చోట్లో ఒక్కడే కూర్చుని టీ తాగాడు. చక్కెర ఎక్కువైనా చేదుగా ఉంది.

రంగన్నలో ఏముందా అని రాత్రీ పగలూ ఆలోచించాడు. మౌనంగా ఉంటాడు, అదొక్కటే కదా విద్య? అదేం బ్రహ్మవిద్య! మర్నాడు పొద్దున్నుంచీ తనూ మౌనం పట్టాడు. ఓబమ్మ సంగటి పెడితే మాట్లాడలేదు. చెంబు ఇస్తే మాట్లాడలేదు. ఓబమ్మ నొసటి మీద చెయ్యి పెట్టి చూసింది, వాము నలిపి తెచ్చింది, చివరికి "మీ ఆయన నోటికేమన్నా దిష్టి తగిలిందా" అని వీధి వాళ్ళు గుమికూడారు. మధ్యాహ్నానికే వ్రతం భంగమైంది.

ఆషాఢంలో ఒక సాయంత్రం, ఎవరూ పిలవకుండానే, వాన వచ్చింది. మంచి వాన. వంకలో ఎర్రనీళ్ళు పారాయి. నేల పదునైంది. మా దగ్గర పదును అంటే మగపెళ్ళివారి సంతోషం లాంటిది; దాన్ని పట్టుకుని పని చేయించుకోవాలి, ఆలస్యమైతే ఆరిపోతుంది. ఎర్రమట్టి రెండు మూడు పొద్దుల్లో మళ్ళీ ఎండిపోతుంది. అంతలో శెనక్కాయ విత్తాలి. విత్తకపోతే ఆ ఏడు సంగటిలో సగం, సంసారంలో సగం.

తెల్లారేసరికి కుళ్ళాయప్ప దివానును తోలుకుని, ఊరి ఎద్దులు నీళ్ళు తాగే తొట్టిబండ దగ్గరికి పోయాడు. ఎన్నో ఏళ్ళుగా వాన పడిన మర్నాడు ఇద్దరూ అక్కడే కలుసుకునేవాళ్ళు. పిలుపులుండవు. వాన వచ్చిందంటే అదే పిలుపు.

ఇమాంసాబ్ రాలేదు.

ఒక్కొక్క జత కాడి మోసుకుంటూ పోతోంది. "ఏమప్పా, నీ దాపటెద్దు యాడ?" అని అడుగుతున్నారు.

"నవాబు గదా, నిద్ర లేచేసరికి పొద్దెక్కుతాది," అన్నాడు మొదట. తర్వాత, "గడ్డం దువ్వుకుంటాండాడు." ఆ తర్వాత, "వస్తాడు." ఆ తర్వాత అడిగినవాళ్ళకు వీపు చూపించాడు.

దివాను మాత్రం అలవాటు ప్రకారం కుడి వైపుకు జరిగి నిలబడింది. ఎడమ పక్కన ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలి. కుళ్ళాయప్ప ఆ ఖాళీని చూడలేక ఎడమ వైపు తనే పోయి నిలబడ్డాడు. దివాను మెడ తిప్పి ఆయన్ని వాసన చూసి, ఇది కాదన్నట్టు తల తిప్పుకుంది.

పొద్దెక్కింది. ఊళ్ళో ఒంటెద్దు వాళ్ళందరికీ జతలున్నాయి. ఇప్పుడు ఎవరినడిగినా వాళ్ళ చేలు అయ్యాకే వస్తారు. అప్పటికి ఈయన చేను అప్పడమవుతుంది. అభిమానం ఒక పక్క, అప్పడం ఒక పక్క. కుళ్ళాయప్ప దివాను పలుపు పట్టుకుని ఊళ్ళోకి మళ్ళాడు.

దారిలో రంగన్న చేను. అక్కడ గొర్రు సాగుతోంది. కుళ్ళాయప్ప కళ్ళు వెంటనే కాడి కుడి వైపుకు పోయాయి. ముసలి ఎద్దు. వాళ్ళ ముసలి వలపటెద్దే, దగ్గుతూ లాగుతోంది. నవాబు లేదు.

అమ్మలేదన్న మాట. మరి నవాబు ఎక్కడ?

నవాబు ఇంటి దగ్గరే ఉంది. ఇమాంసాబ్ వాకిట్లో పలుపు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. బయల్దేరబోయి ఆగిపోయినట్టు. ఎంత సేపట్నుంచి నిలబడ్డాడో, నవాబు ఆయన పాదాల దగ్గర పేడ కూడా వేసింది. గుమ్మంలో ఆయన భార్య మదీనాబీ కుళ్ళాయప్పను చూసి, "వచ్చినావా అన్నా" అని, విత్తనాల తట్ట కింద పెట్టి లోపలికి పోయింది.

కుళ్ళాయప్ప తిట్టడానికి ఊపిరి పీల్చాడు. దివాను నవాబును చూసి ముందుకు నడిచి, ఎప్పటి అలవాటు కొద్దీ కుడి పక్కన చేరబోయింది. మధ్యలో గోడ ఉండడంతో ఎడమ వైపు నుంచి వచ్చింది. మూతి తగిలే దాకా నవాబు కదల్లేదు. తగలగానే అదిరిపడి, పలుపు తెంచుకునేంత పని చేసింది.

ఇన్నేళ్ళ జత ఎద్దు దగ్గరికొస్తే అదరడమా? కుళ్ళాయప్ప నోటి దాకా వచ్చిన తిట్టు ఆగింది. దగ్గరికి పోయి నవాబు ఎడమ కంటి ముందు అరచెయ్యి ఆడించాడు. రెప్ప పడలేదు. వంగి చూశాడు. నల్లగుడ్డు మీద పువ్వు వేసి ఉంది, మజ్జిగ చుక్క పడినట్టు తెల్లగా.

ఎడమ కన్ను పోయింది. దాపట కడితే ఆ కన్ను బయటి వైపు ఉంటుంది. గట్టు తెలియదు, గుంట కనబడదు, నీడ చూసినా బెదురుతుంది. వలపట కడితే గుడ్డి కన్ను జత ఎద్దు వైపు, మంచి కన్ను బయటికి. అందుకే పక్క మార్చారు. అందుకే మొద్దు కట్టి నేర్పారు. నేర్పడానికి దాపటెద్దు కావాలి, అది రంగన్న ఇంట్లో ఉంది.

తెగదెంపులు కావు. కుళ్ళాయప్పకు ఒక్క క్షణం ఊపిరాడింది. మరుక్షణం అంతకంటే పెద్ద మంట అంటుకుంది.

"రంగన్నకు చెప్పినావు. నాకు చెప్పల్యా."

ఇమాంసాబ్ పలుపు చూసుకుంటున్నాడు.

"నా జత ఎద్దు కన్ను పోతే ఊరి ఇల్లరికపోనికి తెలుస్తాది, నాకు తెలీదా? ఏంటికి చెప్పల్యా?"

"చెప్తే ఏం చేస్తాంటివి?"

"ఏం చేస్తానా? నేను..."

"టీ అంగట్లో చెప్తాంటివి," అన్నాడు ఇమాంసాబ్. "ఒంటికన్ను నవాబు అంటాంటివి. ఇంగా మంచిగా అంటాంటివేమో, నాకు నీ మాదిరి రాదు. అందరూ నవ్వుతాండ్రి. నేనూ నవ్వాల."

"ఇమామూ..."

"గంజి కేంద్రాల కరువులో నా తెల్లెద్దు సచ్చిపాయ. యాదుండాదా? బాయి గట్టు మీద నీ ముందర ఏడిస్తి. కొడుకు పోయినట్ల ఏడిస్తి. సందకాడ టీ అంగడికి పోతే నువ్వంటాండావు. 'ఇమామూ కండ్లనీళ్ళకు పదునైతాది, విత్తనాలు తెచ్చుకోండప్పా' అని."

కుళ్ళాయప్పకు ఆ మాట గుర్తుంది. బాగా పేలింది. ఆ కరువు మొత్తానికి ఊరు అంతగా నవ్వింది ఆ ఒక్క సాయంత్రమే.

"మంచి మాటే," అన్నాడు ఇమాంసాబ్. "నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చినాంక అనుకుంటి, ఇంగ వీనితో 'ఊ' అంటే చాలు అని."

కుళ్ళాయప్ప దివాను పలుపు గుంజకు కట్టాడు.

"వాని ముందర మాత్రం ఏడ్చినావే," అన్నాడు కుళ్ళాయప్ప. గొంతు ఎంత తగ్గించినా అందులో మంట తగ్గలేదు. "వాడేం మంత్రమేసినాడు?"

"మంత్రమేం లేదు. వాడే ముందర తనదొగటి చెప్పుకున్నాడు."

"ఏం చెప్పుకున్నాడు?"

"అది నీకు చెప్పను."

"ఏంటికి?"

"నీది కూడా ఎవురికీ చెప్పను కాబట్టి."

కుళ్ళాయప్ప గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తనదంటూ ఏముంది చెప్పడానికి? నోట్లో వెతికాడు. అలవాటైన మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, సంతలో అమ్ముడుపోని సరుకులా. ఒక్కటీ పనికిరాదు.

"నాకు... ఎవురన్నా ఏడిస్తే భయం," అన్నాడు. "చేతులు యాడ పెట్టాల్నో తెలీదు. మా నాయన పోయినపొద్దు మాయమ్మ ఏడుస్తాంటే కూడా ఏందో ఒగటి వాగితి. ఆయమ్మ నవ్వింది. అప్పట్నించీ అదే చేస్తాండా. నువ్వు బాయి గట్టు మీద ఏడ్చినపొద్దు నా గుండె దడదడ కొట్టుకునె. టీ అంగట్లో ఆ మాట అన్నంక గానీ నిలబడల్యా."

ఇమాంసాబ్ ఆయన నోటి వంక చూస్తున్నాడు.

"మొన్న కంచె ఎనక నుంచి చూస్తి. నువ్వు వాని ముందర కండ్లు తుడుచుకుంటాంటే నాకు కుళ్ళు పుట్టె. నా ముందర తుడుచుకోల్యా గదా అని. నిద్ర పట్టల్యా. వాడు సచ్చిపోతే బాగుండు అని గూడా ఒగ రాత్రి అనుకుంటి. పొద్దున్నే మల్ల వద్దులే అనుకుంటి."

ఇమాంసాబ్ ఇంకా నోటి వంకే చూస్తున్నాడు. చాలా సేపు చూశాడు. ఇందులో మెలిక ఎక్కడుందో, ఎప్పుడు పేలుతుందో అని కాచుకున్నట్టు.

"అయిపాయనా?" అన్నాడు చివరికి. "ఇంగేం లేదా?"

"లేదప్పా. అంతే."

"కుళ్ళాయప్ప, కుళ్ళు అని ఏమన్నా..."

"లేదంటి గదప్పా!"

ఇమాంసాబ్ మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు. కుడి పక్కన. పొరపాటున కూర్చున్నాడో, నవాబుతో పాటు తనూ పక్క మారాడో తెలియదు.

లోపలి నుంచి మదీనాబీ గొంతు వినిపించింది. "పదును ఆరిపోతాంది! ముచ్చట్లు శేన్లో చెప్పుకుంటే కాదా?"

ఆ రోజు కాడికి కుడి వైపున నవాబు, ఎడమ వైపున దివాను. పుట్టి బుద్ధెరిగాక ఎడమ పక్క ఎరగని దివాను, కాడి మెడ మీద పడగానే కుడికి జరగబోయింది. జరిగితే నవాబు. నవాబును తోస్తే గొర్రు వంకర. కుళ్ళాయప్ప అదిలించాడు, బుజ్జగించాడు, చెవిలో ఏదో చెప్పాడు. వెనక విత్తనాలు వదులుతున్న ఓబమ్మ, మదీనాబీ సాలు వెంట అడ్డదిడ్డంగా నడిచి నడుం పట్టుకున్నారు. "తాగినోడు ఇంటికి పోయినట్ల పోతాండాది గదమ్మా ఈ సాలు" అంది ఓబమ్మ. అయినా పదును ఆరక ముందే రెండు చేలూ అయ్యాయి.

విత్తడమైతే దాచుకోవచ్చు, మొలక దాగదు. పది రోజులకు శెనక్కాయ మొలిచింది. ఊరందరి సాళ్ళూ గీత గీసినట్టున్నాయి. వీళ్ళిద్దరి చేలల్లో మాత్రం పాము పారిపోయిన జాడలు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.

టీ అంగట్లో ఆ పొద్దున ఊరి కసి అంతా తీర్చుకున్నారు. ఇన్నేళ్ళు ఆయన నోట్లో నలిగినవాళ్ళందరికీ వంతు వచ్చింది.

"ఏమప్పా కుళ్ళాయీ, శేన్లో శెనక్కాయ ఏసినావా, జిలేబీ ఏసినావా?"

"ఉన్న ఎద్దును ఉన్న పక్క కట్టకుండా దివానును దాపట ఏంటికి కట్టినావప్పా? బుద్ధి గూడా పక్క మారిందా?"

బల్ల మీద ఇమాంసాబ్ గ్లాసు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మూలన రంగన్న తల దించుకున్నాడు. నవాబు కన్ను సంగతి ఆ అంగట్లో ముగ్గురికే తెలుసు. ఒక్క మాటతో నవ్వులన్నీ మళ్ళించవచ్చు. ఆ మాట కుళ్ళాయప్ప నాలుక చివరికి వచ్చి కూర్చుంది కూడా. నవాబు, కన్ను, పువ్వు, మూడింటినీ ముడిపెట్టిన మాట. జీవితంలో అంత మంచిది ఆయనకు తట్టలేదు. పెదవులు కదిలాయి. అంగడంతా చెవులు రిక్కించింది.

కుళ్ళాయప్ప దాన్ని ఒక గుక్క వేడి టీతో కలిపి మింగేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా బుద్ధే వంకరప్పా," అన్నాడు. "యజమాని ఎట్లనో సాలు అట్ల."

నవ్వారు. చప్పగా ఉందన్నారు. ముసలోడైపోతున్నాడన్నారు. ఆ మింగేసిన మాట ఏమిటో ఆయన ఓబమ్మకు కూడా చెప్పలేదు.

మూల నుంచి రంగన్న ఇమాంసాబ్ వైపు చూసి తల ఊపడం మాత్రం కుళ్ళాయప్ప కంటబడింది. ఇద్దరి మధ్య చూపు అటూ ఇటూ పోయింది, మాట అక్కర్లేని చూపు. ఎంత మింగినా వీడు నా కంటే ముందే ఉన్నాడు కదా అనుకున్నాడు. వీడిది మొదటి సాలు, నాది రెండో సాలు.

ఆ సాయంత్రం మొలకల మధ్య గుంటక తోలి, చీకటి పడే వేళకు ఇంటికి బయల్దేరారు. ముందు కుళ్ళాయప్ప, వెనక ఎద్దులు, చివరన ఇమాంసాబ్. విడిపోయిన తర్వాత చీకట్లో కలిసి రావడం అదే మొదలు. కుళ్ళాయప్ప నోరు మెదపలేదు. స్నేహమంటే మౌనం కదా, రంగన్న విద్య, తనూ నేర్చుకుంటున్నాడు. మౌనంగా, గర్వంగా, కొంచెం ఏడుపుగా నడుస్తున్నాడు.

వెనక దబ్బున చప్పుడైంది.

తిరిగి చూస్తే వంక గట్టు కింద గుంటలో ఇమాంసాబ్ పడి ఉన్నాడు. మానుతున్న బొటనవేలు మళ్ళీ చితికింది. చేతులతో గట్టును తడుముకుంటున్నాడు. చుక్కలు కూడా సరిగా పొడవని వేళ. దారి తెల్లగా కనబడుతూనే ఉంది.

"ఏమాయప్పా? ఇంత దావ కనపల్యా?"

"కనపల్యా," అన్నాడు ఇమాంసాబ్.

కుళ్ళాయప్ప దిగి చెయ్యి అందించాడు. ఇమాంసాబ్ చెయ్యి ఆయన చేతికి ఒక మూరెడు పక్కగా వచ్చి గాలిని పట్టుకుంది.

"రేచీకటి," అన్నాడు ఇమాంసాబ్ గుంటలో నుంచే. "పొద్దు గుంకితే నాకేం కనపడదు. శానా ఏండ్లాయ."

"శానా ఏండ్లా? మల్ల ఇన్నాళ్ళూ నా ఎనక ఎట్ల వస్తాంటివి?"

"నువ్వు వాగుతా పోతాంటివి గదప్పా. నీ గొంతు యాడుంటే దావ ఆడ. ఎడమకు తిరిగితే ఎడమకు వినపడతాది. నేను 'ఊ' అంటా వస్తాంటి. మొన్న నువ్వు లేవు, అందుకే పొద్దుండంగానే ఇంటికి పోతాంటి. ఒగపొద్దు ఆలస్యమాయ, ఏలు పాయ."

కుళ్ళాయప్ప ఆయన చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. లాగిన చెయ్యి వదల్లేదు. ఏదో అనాలి. ఎద్దులు రెండూ ఆగి, ఈ మనుషులకేమైందని వెనక్కి చూస్తున్నాయి.

"మాట్లాడప్పా," అన్నాడు ఇమాంసాబ్. "నాకు ఇల్లు చేరాల్సిన పనుండాది."

కుళ్ళాయప్ప ముందుకు నడిచాడు. గొంతు సవరించుకున్నాడు. రెండోసారి సవరించుకున్నాడు. అప్పుడు వచ్చిందది, వంక అవతలి చేలల్లో కాపలా ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడేలా:

"ఇది రంగన్నకు తెలుసునా?"

వెనక చీకట్లో అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"తెలీదు," అన్నాడు ఇమాంసాబ్. "నీకే."

ఆ తర్వాత ఊరి దీపాలు కనబడే దాకా కుళ్ళాయప్ప నోరు మూతపడలేదు. మేకల మీద, మేఘాల మీద, ఓబమ్మ మీద, చైనా మీద, దేన్నీ వదల్లేదు. అందులో సగం అర్థం లేనివి, సగం అంతకు ముందు చెప్పినవే. గట్టు వచ్చిన చోట "గట్టెక్కినాం" అని, గుంట వచ్చిన చోట "గుంటనక్కలుంటాయి" అని గట్టిగా అరిచాడు. వెనక నుంచి, ప్రతి మాటకూ, అడుగు తప్పకుండా, "ఊ" వస్తూనే ఉంది.